కోటిన్నర డిగ్రీల దగ్గర రాగితో సమానం: స్పిట్జర్ లెక్క కథ

స్కూల్లో మనందరికీ చెప్పిన మాట ఒకటుంది: లోహాన్ని వేడి చేస్తే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. పాత ఫిలమెంట్ బల్బు తీసుకోండి. చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ ఎంతో, వెలుగుతున్నప్పుడు అంతకి పది రెట్ల పైనే ఉంటుంది. ఇవాళ నేను చెప్పబోయే పదార్థం దీనికి పూర్తిగా రివర్స్. వేడెక్కేకొద్దీ కరెంటుకి ఇంకా ఇంకా ఈజీగా దారిస్తుంది. కోటిన్నర డిగ్రీలు కాస్త దాటితే మన ఇళ్ళ వైరింగ్‌లో ఉండే రాగితో సమానం అవుతుంది. పది కోట్ల డిగ్రీలు దాటితే రాగిని ఇరవై రెట్లు మించిపోతుంది. అదే ప్లాస్మా. గ్యాస్‌ని బాగా వేడి చేస్తే అణువులు విడిపోయి, ఎలక్ట్రాన్లు ఊడిపోయి, ఎలక్ట్రాన్లూ అయాన్లూ వేరువేరుగా తిరుగుతుంటాయి కదా, ఆ స్థితి.

ఇందులో రెసిస్టివిటీ ఎంతో లెక్కగట్టిన ఫార్ములాని ఈ రోజుకీ "స్పిట్జర్ రెసిస్టివిటీ" అనే పిలుస్తారు. ఫ్యూజన్ చదివే ప్రతివాళ్ళూ మొదటి నెలలోనే దీన్ని చూస్తారు. అయితే ఈ లెక్క వేసింది ఎలక్ట్రికల్ ఇంజనీర్ కాదు, నక్షత్రాలని చదివే మనిషి. పైగా ఆ లెక్క చెప్పిన రెండు విషయాల్లో ఒకటి అచ్చంగా నిజమైంది, రెండోదాన్ని యంత్రాలు ఏళ్ళ తరబడి లెక్కచేయలేదు. ఆ తేడా వల్ల ఒక దేశం తన ఫ్యూజన్ దారినే మార్చుకోవాల్సి వచ్చింది. ఇవాళ్టి కథ అదే.

ముందు మనిషి గురించి. లైమన్ స్పిట్జర్ 1914లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం టొలీడోలో పుట్టారు. కాలేజీ అయ్యాక ఒక సంవత్సరం ఇంగ్లండ్ కేంబ్రిడ్జిలో చదివారు. అక్కడ ఎడింగ్టన్ ఉన్నారు, అప్పటికి పాతికేళ్ళు కూడా సరిగ్గా నిండని మన సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్ ఉన్నారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. 1947లో, 33 ఏళ్ళ వయసులో, స్పిట్జర్ ప్రిన్స్‌టన్ అబ్జర్వేటరీకి హెడ్ అయ్యారు. అంతకు ముందు ఏడాదే, మనిషి పంపిన ఒక్క ఉపగ్రహం కూడా ఆకాశంలో లేని రోజుల్లో, అంతరిక్షంలో టెలిస్కోప్ పెడితే ఎన్ని లాభాలుంటాయో ఒక రిపోర్ట్ రాశారు. హబుల్ టెలిస్కోప్ వెనక మొదటి ఆలోచన అదే. కొండలెక్కే పిచ్చి కూడా ఉంది ఆయనకి.

ఇలాంటాయన ప్లాస్మా రెసిస్టెన్స్ జోలికి ఎందుకొచ్చారు? ఎందుకంటే సూర్యుడూ నక్షత్రాలూ ప్లాస్మాయే. నక్షత్రాల మధ్య ఉండే పలచటి వాయువులోనూ చాలా భాగం అదే. వాటిలో అయస్కాంత క్షేత్రాలున్నాయి. అవి ఎంతకాలం నిలుస్తాయి అనేది రెసిస్టివిటీ మీద ఆధారపడుతుంది. రెసిస్టివిటీ ఎక్కువైతే కరెంట్లు చచ్చిపోతాయి, క్షేత్రం కరిగిపోతుంది. ఇంగ్లండ్‌లో టి.జి. కౌలింగ్ 1940లలో సూర్యుడి మచ్చల కోసం ఇలాంటి లెక్కలే వేశారు. అంటే ఈ ప్రశ్న మొదలైంది రియాక్టర్ దగ్గర కాదు, ఆకాశం దగ్గర.

సరే, లెక్కలోకి వెళ్దాం. భయపడకండి, ఫార్ములా స్క్రీన్ మీద పెట్టను, మాటల్లోనే చెప్తాను.

రెసిస్టెన్స్ అంటే ఏంటి? కరెంట్ మోసుకెళ్ళే ఎలక్ట్రాన్‌ని ఎవరో ఒకరు అడ్డుకుని పక్కకి తిప్పేయడం. రాగి తీగలో ఆ పని చేసేది ఊగుతున్న అణువులు. వేడి పెరిగితే ఊగడం పెరుగుతుంది, అడ్డు పెరుగుతుంది. ప్లాస్మాలో అడ్డుకునేది అయాన్. అదేం గోడ కాదు. పాజిటివ్ చార్జ్ ఉంటుంది కాబట్టి పక్కనుంచి వెళ్ళే ఎలక్ట్రాన్‌ని తన వైపు లాగుతుంది, అంతే.

బస్టాండ్ గేటు బయటికొస్తే ఆటోవాళ్ళు ఎలా చుట్టుముడతారో తెలుసు కదా. బ్యాగు పట్టుకుని నిదానంగా నడిస్తే నలుగురు మాట కలుపుతారు, ఎవరో ఒకరు మిమ్మల్ని దారి మళ్ళించేస్తారు. అదే చెవిలో ఫోన్ పెట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళిపోండి, ఎవరికీ చిక్కరు. ఎలక్ట్రాన్ కూడా అంతే. వేగంగా వెళ్తే అయాన్‌కి దాన్ని లాగడానికి టైం దొరకదు. లెక్క ప్రకారం వేగం రెట్టింపైతే ఎలక్ట్రాన్‌కి తగిలే "టార్గెట్ సైజు" 16వ వంతుకి పడిపోతుంది. రూథర్‌ఫర్డ్ 1911లో ఆల్ఫా కణాల కోసం కట్టిన సూత్రమే ఇది. వేగం రెట్టింపైంది కాబట్టి ఒక సెకనులో రెట్టింపు అయాన్లు ఎదురొస్తాయి, ఆ రెండూ కలిపితే ఢీకొనే రేటు 8వ వంతు. వేడి అంటే వేగమే కదా. టెంపరేచర్ 4 రెట్లు పెరిగితే సగటు వేగం 2 రెట్లు, రెసిస్టివిటీ 8వ వంతు. టెంపరేచర్ 100 రెట్లైతే రెసిస్టివిటీ 1000వ వంతు. టెంపరేచర్‌కి 3/2 ఘాతం అని పుస్తకాల్లో రాసేది దీన్నే.

ఇంకో వింత. ప్లాస్మాని రెట్టింపు చిక్కగా చేస్తే రెసిస్టివిటీ మారుతుందా? దాదాపుగా మారదు. కరెంట్ మోసే ఎలక్ట్రాన్లు రెట్టింపవుతాయి, అడ్డుకునే అయాన్లూ రెట్టింపవుతాయి, చెల్లుకు చెల్లు. ఆఫీసులో టీం సైజు డబుల్ చేస్తే మీటింగులు కూడా డబుల్ అయి పని అక్కడే ఉండటం లాంటిది. ఇది నాకు బాగా తెలుసు.

ఇంతవరకు ఈజీ. అసలు చిక్కు ఇక్కడ. ఎలక్ట్రికల్ ఆకర్షణకి హద్దు లేదు. దూరంగా ఉన్న అయాన్ కూడా కొంచెం లాగుతుంది. ఒక్కో లాగుడు చాలా చిన్నది, కానీ దూరంగా ఉన్నవాళ్ళ సంఖ్య చాలా పెద్దది. అన్నీ కూడితే మొత్తం ఎక్కడా ఆగదు, అనంతానికి పోతుంది. మన భాషలో చెప్పాలంటే ఎగ్జిట్ కండిషన్ లేని లూప్. ఎక్కడో ఒకచోట బ్రేక్ పెట్టాలి. ఎక్కడ పెట్టాలి, దేని ఆధారంగా?

ఇక్కడే చంద్రశేఖర్ వస్తారు. నక్షత్రాల గుంపులోనూ ఇదే సమస్య. గురుత్వాకర్షణ కూడా దూరం వర్గానికి విలోమంగానే తగ్గుతుంది. ఒక నక్షత్రం గుంపులోంచి వెళ్తుంటే మిగతా నక్షత్రాలు దాన్ని కొంచెం కొంచెం లాగి దారి తిప్పుతాయి, వేగం తగ్గిస్తాయి. ఒక్క పెద్ద దెబ్బ కంటే లక్షల చిన్న చిన్న తోపుళ్ళ మొత్తమే ఎక్కువ. చంద్రశేఖర్ 1942, 43లలో దీని గణితమంతా కట్టారు. స్పిట్జర్ కూడా 1940లో నక్షత్ర గుంపుల మీద పేపర్ రాసిన మనిషే. కాబట్టి ప్లాస్మా దగ్గరికొచ్చేసరికి ఆయన చేతిలో పనిముట్టు రెడీగా ఉంది. నక్షత్రం స్థానంలో ఎలక్ట్రాన్, గురుత్వాకర్షణ స్థానంలో చార్జ్. సోవియట్ యూనియన్‌లో లాండౌ 1936లోనే ఇలాంటి సమీకరణం వేరే దారిలో రాశారు, అది ఇంకో గొప్ప కథ, ఇంకోసారి.

నక్షత్రాలకీ ప్లాస్మాకీ ఒక్క తేడా ఉంది. నక్షత్రాల్లో నెగటివ్ ద్రవ్యరాశి లేదు. ప్లాస్మాలో పాజిటివూ నెగటివూ రెండూ ఉన్నాయి. ఒక అయాన్ చుట్టూ ఎలక్ట్రాన్లు కాస్త ఎక్కువగా గుమిగూడి, కొంత దూరం తర్వాత దాని చార్జ్ బయటికి కనపడకుండా కప్పేస్తాయి. ఆ దూరాన్ని డీబై దూరం అంటారు. ఉప్పు నీళ్ళ కోసం 1923లో డీబై, హ్యూకెల్ కనిపెట్టిన సంగతి. బ్రేక్ పెట్టాల్సింది అక్కడ. పైగా మంచి విషయం ఏంటంటే, బ్రేక్ కాస్త అటూ ఇటూ పెట్టినా జవాబు పెద్దగా మారదు. దూరం పది రెట్లు పెరిగిన ప్రతిసారీ మొత్తానికి ఒకే మోతాదు కలుస్తుంది, అందుకే జవాబు లాగరిథమ్‌గా వస్తుంది. దాన్ని కూలంబ్ లాగరిథమ్ అంటారు. ఫ్యూజన్ యంత్రాల్లో దాని విలువ 15, 17 అలా ఉంటుంది. సాంద్రత వందల రెట్లు మారినా అది రెండో మూడో మారుతుంది.

1950లో రాబర్ట్ కోహెన్, స్పిట్జర్, పాల్ రౌట్లీ కలిసి అయనీకరణం చెందిన వాయువు విద్యుత్ వాహకత మీద 'ఫిజికల్ రివ్యూ'లో పేపర్ వేశారు. 1953లో స్పిట్జర్, రిచర్డ్ హార్మ్ కలిసి దాన్ని ఇంకా కచ్చితంగా చేశారు. ఈ రెండో పేపర్‌లో ఒక అందమైన చిక్కుముడి ఉంది. ఎలక్ట్రాన్, ఎలక్ట్రాన్ ఢీకొంటే కరెంటుకి నష్టం ఉండకూడదు కదా? ఒకటి కోల్పోయిన వేగం రెండోదానికి వెళ్తుంది, మొత్తం మారదు. అందుకని వాటిని వదిలేస్తే లెక్క చాలా సులువు. కానీ స్పిట్జర్, హార్మ్ వదల్లేదు. కరెంట్‌లో ఎక్కువ భాగం మోసేది ఫాస్ట్ ఎలక్ట్రాన్లు, ఎందుకంటే వాటికి అడ్డు తక్కువ. అవి నెమ్మది ఎలక్ట్రాన్లని ఢీకొని తమ వేగాన్ని వాటికి పంచేస్తే, ఆ నెమ్మదివాళ్ళు వెళ్ళి అయాన్లకి చిక్కుతారు. మొత్తం మీద నష్టమే. హైడ్రోజన్ ప్లాస్మాకి వాళ్ళు తేల్చిన అంకె 0.582. అంటే సులువు లెక్క చెప్పిన వాహకతలో 58 శాతమే నిజంగా ఉంటుంది. ఒక సమీకరణాన్ని ఓపిగ్గా అంకెలతో సాధించి వేసిన పట్టిక అది. డెబ్బై ఏళ్ళు దాటినా ఎవరూ మార్చలేదు.

ఇప్పుడు ఈ లెక్క నక్షత్రాల పేపర్‌లోంచి రియాక్టర్‌లోకి ఎలా దూకిందో చూద్దాం.

1951 మార్చి 24. అర్జెంటీనా అధ్యక్షుడు హువాన్ పెరోన్ ప్రెస్ ముందుకొచ్చి, హుయెముల్ అనే దీవిలో రొనాల్డ్ రిక్టర్ అనే శాస్త్రవేత్త కంట్రోల్డ్ ఫ్యూజన్ సాధించాడని ప్రకటించాడు. అదంతా ఉత్తదే అని తర్వాత తేలింది. కానీ వార్త న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చింది. స్పిట్జర్‌కి వాళ్ళ నాన్న ఫోన్ చేసి పేపర్ చూడమన్నారట. ఆయన అప్పుడే కొలరాడోలోని ఆస్పెన్‌కి స్కీయింగ్‌కి బయల్దేరుతున్నారు. కొండ మీదికి వెళ్ళే స్కీ లిఫ్ట్‌లో కూర్చుని ఆలోచించారు: కోట్ల డిగ్రీల ప్లాస్మాని ఏ పాత్రలో పెడతాం? పాత్ర వద్దు, అయస్కాంత క్షేత్రంతో పట్టుకుందాం. చార్జ్ ఉన్న కణం క్షేత్ర రేఖ చుట్టూ తిరుగుతూ రేఖ వెంబడే వెళ్తుంది, అడ్డంగా దాటలేదు. రేఖని గుండ్రంగా చుట్టేస్తే చివరలు ఉండవు. మామూలు గుండ్రం పనిచేయదు, కణాలు మెల్లగా పక్కకి జారిపోతాయి. దానికి ఆయన ట్యూబుని ఎనిమిది అంకె ఆకారంలో మెలితిప్పారు. పేరు స్టెల్లరేటర్, నక్షత్రాన్ని తయారుచేసేది. జులైకల్లా అణుశక్తి కమిషన్ 50,000 డాలర్లు ఇచ్చింది. రహస్య ప్రాజెక్టుకి పేరు 'మాటర్‌హార్న్'. కొండలెక్కే మనిషి కదా, ఆల్ప్స్‌లో కష్టమైన కొండ పేరు పెట్టుకున్నారు.

మన దేశానికి ఇందులో ఒక చిన్న పాత్ర ఉంది. 1955లో జెనీవాలో 'శాంతి కోసం అణుశక్తి' మహాసభకి అధ్యక్షుడు హోమీ భాభా. ఇరవై ఏళ్ళలో ఫ్యూజన్ శక్తిని అదుపులో పెట్టి వాడుకునే దారి దొరుకుతుందని ఆయన అధ్యక్ష ప్రసంగంలో చెప్పారు. అప్పటికి అమెరికా ఈ పనిని బయటపెట్టనే లేదు. మూడేళ్ళ తర్వాత, 1958లో, అదే జెనీవాలో అన్ని దేశాలూ తమ ఫైళ్ళు తెరిచాయి. ఆ ఇరవై ఏళ్ళ మాట మీద ఎన్ని మీమ్స్ వచ్చాయో మీకు తెలుసు. కానీ భాభాని ఎగతాళి చేసేవాళ్ళు ఒకటి మర్చిపోతారు, 1955లో లెక్కలు నిజంగా అంత బాగానే కనపడ్డాయి. ఎందుకో చెప్తాను.

స్పిట్జర్ లెక్క రియాక్టర్‌కి రెండు మాటలు చెప్పింది. మొదటిది చెడు వార్త. ప్లాస్మాని వేడి చేయడానికి సులువైన పద్ధతి అందులోంచి కరెంట్ పంపడం. బకెట్లో పెట్టే హీటర్ రాడ్ లాగే. ట్రాన్స్‌ఫార్మర్‌కి సెకండరీ చుట్టలాగా ప్లాస్మా గుండ్రాన్నే వాడతారు. కానీ వేడెక్కేకొద్దీ రెసిస్టివిటీ పడిపోతుంది, అంటే హీటర్ తనంతట తానే పనిమానేస్తుంది. పది, పన్నెండు లక్షల డిగ్రీల దగ్గర ప్లాస్మా స్టెయిన్‌లెస్ స్టీల్ లాంటిది, బాగానే వేడెక్కుతుంది. కోటి దాటితే రాగికి దగ్గరవుతుంది. రాగి తీగతో హీటర్ ఎవరు చేస్తారు? ఫ్యూజన్‌కి కావాల్సింది పది కోట్లు. కాబట్టి ఇంకో రకం హీటింగ్ కావాలని స్పిట్జర్‌కి మొదట్నుంచీ తెలుసు.

ఈ మొదటి మాట 1958లో ఒక పెద్ద ప్రకటనని అనుమానించడానికి పనికొచ్చింది. ఇంగ్లండ్ వాళ్ళు హార్వెల్‌లో జీటా అనే యంత్రంతో 50 లక్షల డిగ్రీల దాకా వెళ్ళామనీ, ఫ్యూజన్ నుంచే కావచ్చు న్యూట్రాన్లు వస్తున్నాయనీ జనవరిలో ప్రకటించారు. అదే 'నేచర్' సంచికలో స్పిట్జర్ చిన్న నోట్ రాశారు. మామూలు రెసిస్టివ్ హీటింగ్‌తో అంత తక్కువ టైంలో అయాన్లు అంత వేడెక్కడం కుదరదు, ఇంకేదో తెలియని సంగతి ఉండాలి అని ఆయన పాయింట్. మే నెలకల్లా ఆ న్యూట్రాన్లు వేడి వల్ల పుట్టినవి కావని ఇంగ్లండ్ వాళ్ళే ఒప్పుకున్నారు.

రెండో మాట మంచి వార్త, దాన్ని నమ్ముకునే అందరూ ఉన్నారు. ఎలక్ట్రాన్ ఎవర్నీ ఢీకొట్టకపోతే అది తన క్షేత్ర రేఖని ఎప్పటికీ వదలదు. ఢీకొన్నప్పుడల్లా ఒక చిన్న అడుగు పక్క రేఖకి మారుతుంది. అంటే అయస్కాంత పంజరంలోంచి ప్లాస్మా లీకయ్యేది ఢీకొనడం వల్లే. ఢీకొనడం తక్కువంటే రెసిస్టివిటీ తక్కువ, లీకూ తక్కువ. ఇంకా వేడి చేస్తే ఇంకా బాగా నిలుస్తుంది! ఇంతకన్నా ఏం కావాలి?

యంత్రాలు ఈ మాట వినలేదు. ప్రిన్స్‌టన్‌లో మోడల్ ఎ, తర్వాత మోడల్ బి వరస, 1960ల మొదట్లో పెద్ద మోడల్ సి కట్టారు. ప్రతిదాంట్లో ప్లాస్మా లెక్కకి అందనంత వేగంగా గోడలకి పారిపోయింది. ఆ వేగం ఇంకో పాత ఫార్ములాకి సరిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో అణుబాంబు ప్రాజెక్ట్ కోసం పనిచేస్తూ డేవిడ్ బోమ్ రాసిన అంచనా అది. బోమ్ అంచనాలో లీకు టెంపరేచర్‌తో పాటు పెరుగుతుంది. స్పిట్జర్ లెక్కకి సరిగ్గా ఎదురు. 3.5 టెస్లాల క్షేత్రం, పదకొండు లక్షల డిగ్రీల పైచిలుకు వేడి, ఘనపు మీటరుకి 1 పక్కన 19 సున్నాలంత సాంద్రత పెట్టి నేను లెక్కేసి చూశాను. బోమ్ లీకు స్పిట్జర్ లీకు కంటే పదుల వేల రెట్లు ఎక్కువ. రియాక్టర్ కట్టాలంటే పట్టణమంత యంత్రం కావాలి. అంటే కల అయిపోయినట్టే.

ఇక్కడ ఆగి ఆలోచించండి, ఈ కథలో నన్ను పట్టుకున్న పాయింట్ ఇదే. 1960లలో ప్రిన్స్‌టన్ వాళ్ళ ముందున్న ప్రశ్న ఏంటంటే, బోమ్ లీకు ప్రకృతి సూత్రమా, లేక మన యంత్రం లోపమా? సూత్రమైతే దుకాణం మూసేయాలి. లోపమైతే సరిచేసుకోవచ్చు. కొత్త సాఫ్ట్‌వేర్ స్లోగా ఉంటే అది అల్గారిథమ్ పరిమితా, మనం రాసిన బగ్గా అని తలబాదుకుంటాం కదా, ఆ ప్రశ్నే. తేడా ఏంటంటే వాళ్ళు పదేళ్ళకి పైగా ఆ ప్రశ్నతోనే గడిపారు. స్పిట్జర్ 1961లో ల్యాబ్ డైరెక్టర్ పదవి వదిలేశారు, తర్వాత కొన్నేళ్ళకి పూర్తిగా ఖగోళ శాస్త్రానికి వెళ్ళిపోయారు.

జవాబు మాస్కో నుంచి వచ్చింది. కుర్చటోవ్ ఇన్‌స్టిట్యూట్‌లో లెవ్ ఆర్ట్సిమోవిచ్ టీం టోకమాక్ అనే యంత్రం మీద పనిచేస్తోంది. ఇందులో ఎనిమిది అంకె మెలిక లేదు, ప్లాస్మాలోని పెద్ద కరెంటే క్షేత్రానికి మెలిక ఇస్తుంది. 1968 ఆగస్టులో నోవోసిబిర్స్క్ సమావేశంలో వాళ్ళు టి-3 యంత్రం ఫలితాలు చెప్పారు. ఎలక్ట్రాన్లు కోటి డిగ్రీల దగ్గర, ప్లాస్మా నిలిచే టైం బోమ్ చెప్పినదానికి పదుల రెట్లు.

అమెరికన్లు నమ్మలేదు. ఆ అనుమానం ఒట్టి అసూయ కాదు, దానికి కారణం కూడా ఈ లెక్కలోనే ఉంది. వేగంగా వెళ్ళే ఎలక్ట్రాన్‌కి అడ్డు తక్కువ అన్నాం కదా. మరీ ఫాస్ట్‌గా ఉన్నదాన్ని వోల్టేజ్ తోస్తుంది, అది ఇంకా ఫాస్ట్ అవుతుంది, అడ్డు ఇంకా తగ్గుతుంది, ఇక ఆగదు. వీటిని రన్‌అవే ఎలక్ట్రాన్లు అంటారు. హ్యారీ డ్రైసర్ 1959లో దీని గణితం రాశారు. టి-3లో టెంపరేచర్‌ని నేరుగా కొలవలేదు, ప్లాస్మాలో ఉన్న మొత్తం శక్తిని అయస్కాంత పద్ధతిలో కొలిచి దాన్నుంచి అంచనా కట్టారు. కొన్ని రన్‌అవేలు చాలా శక్తి మోస్తుంటే? మిగతా ప్లాస్మా చల్లగా ఉండి, సగటు మాత్రం ఎక్కువ కనపడొచ్చు కదా? ఇదీ వాళ్ళ అనుమానం.

ఆర్ట్సిమోవిచ్ చేసిన పని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. కోల్డ్ వార్ మధ్యలో, ఇంగ్లండ్‌లోని కల్హమ్ ల్యాబ్ డైరెక్టర్ బాస్ పీస్‌ని పిలిచి, మీవాళ్ళని పంపండి, మీ పరికరంతో మా యంత్రాన్ని కొలవండి అన్నారు. నికోల్ పీకాక్, డెరెక్ రాబిన్సన్, మైక్ ఫారెస్ట్, పీటర్ విల్కాక్ ఉన్న టీం టన్నుల కొద్దీ సామానుతో మాస్కో వెళ్ళింది. పద్ధతి పేరు థామ్సన్ స్కాటరింగ్. రూబీ లేజర్‌ని ప్లాస్మాలోకి కొడతారు. ఎలక్ట్రాన్లు ఆ వెలుగుని చెదరగొడతాయి. మన వైపు వచ్చే ఎలక్ట్రాన్ రంగుని ఒకవైపు జరిపితే, దూరంగా పోయేది రెండోవైపు జరుపుతుంది. అంబులెన్స్ సైరన్ దగ్గరికొస్తూ ఒకలా, దాటిపోతూ ఒకలా వినపడినట్టు. ఆ రంగు ఎంత వెడల్పుగా పరుచుకుందో చూస్తే ఎలక్ట్రాన్ల వేగాలన్నీ తెలిసిపోతాయి. నాలుగు రన్‌అవేలు ఇక్కడ మోసం చేయలేవు, కొలిచేది మెజారిటీని. సమస్య ఒక్కటే, చెదిరొచ్చే వెలుగు చాలా చాలా తక్కువ, ప్లాస్మా సొంత వెలుగు చాలా ఎక్కువ.

వాళ్ళ పేపర్ 1969 నవంబర్ 1న 'నేచర్'లో వచ్చింది, రచయితల్లో సోవియట్ శాస్త్రవేత్త సన్నికోవ్ పేరు కూడా ఉంది. ఎలక్ట్రాన్ టెంపరేచర్ 100 ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి 1000 దాకా. 1000 అంటే కోటీ పదహారు లక్షల డిగ్రీలు. రష్యన్లు చెప్పింది నిజం. పేపర్ అచ్చయ్యే లోపే ప్రిన్స్‌టన్ వాళ్ళకి విషయం చేరింది. 1970 కల్లా మోడల్ సి స్టెల్లరేటర్‌ని విప్పి టోకమాక్‌గా మార్చేశారు. స్టెల్లరేటర్ పుట్టిన ఊళ్ళోనే దాన్ని పక్కన పెట్టేశారు. బోమ్ లీకు ప్రకృతి సూత్రం కాదు.

అంటే స్పిట్జర్ లెక్క గెలిచినట్టేనా? సగమే. తర్వాతి ఏళ్ళలో వచ్చిన చిత్రం ఇదీ. క్షేత్ర రేఖ వెంబడి పోయే కరెంటుకి ఉండే రెసిస్టెన్స్ విషయంలో ఆ లెక్క నిలబడింది. చిన్న సవరణలు కావాల్సొచ్చాయి: గోడల నుంచి వచ్చే బరువైన అయాన్ల మురికి ఒకటి, టోకమాక్ గుండ్రం లోపలి వైపు బలమైన క్షేత్రం చూసి వెనక్కి తిరిగిపోయి కరెంట్ మోయకుండా చిక్కుకుపోయే ఎలక్ట్రాన్లు ఇంకొకటి. ఈ రెండూ కలిపితే పెద్ద టోకమాక్‌లలో కొలిచిన రెసిస్టెన్స్ లెక్కకి చక్కగా కలిసింది. కానీ రేఖకి అడ్డంగా లీకయ్యే విషయంలో మాత్రం లెక్క ఇప్పటికీ ఓడిపోతూనే ఉంది. అక్కడ రాజ్యం ఢీకొనడాలది కాదు, ప్లాస్మాలో పుట్టే సుడులది, టర్బులెన్స్‌ది. బోమ్ అంత ఘోరం కాదు, స్పిట్జర్ అంత మంచిదీ కాదు. భాభా చెప్పిన ఇరవై ఏళ్ళు గడిచిపోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి.

ఆకాశంలో కూడా అదే పేచీ. సూర్యుడి కరోనాలో టెంపరేచర్ పది లక్షల డిగ్రీలు అనుకుని, 10,000 కిలోమీటర్ల అయస్కాంత నిర్మాణం ఒకటి రెసిస్టెన్స్ వల్లే కరిగిపోవడానికి ఎంత టైం పడుతుందో ఈ ఫార్ములాతో లెక్కేస్తే దాదాపు 30 లక్షల ఏళ్ళు వస్తుంది. నిజంగా సౌర జ్వాల పేలడానికి పట్టేది నిమిషాలు. రెసిస్టివిటీ తప్పు కాదు, క్షేత్రం పలచటి పొరల్లోకి నలిగి తెగి మళ్ళీ అతుక్కుంటుంది, దాన్ని రీకనెక్షన్ అంటారు. దాని వేగం ఎందుకంత అనే దాని మీద పేపర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి.

చివరిగా, మొదట చెప్పిన చెడు వార్త ఎంత నిజమో ఈనాటి యంత్రంలో చూద్దాం. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్. దాన్ని చుట్టి ఉండే క్రయోస్టాట్ అనే పెద్ద స్టీలు పాత్ర ముక్కలు మన గుజరాత్‌లోని హజీరాలో తయారై వెళ్ళాయి. ప్లాస్మా గుండ్రం సగటు వ్యాసార్థం 6.2 మీటర్లు, అడ్డుకోత సుమారు 21 చదరపు మీటర్లు, డిజైన్ కరెంట్ 1.5 కోట్ల ఆంపియర్లు. టెంపరేచర్ 11.6 కోట్ల డిగ్రీలు అనుకుని స్పిట్జర్ ఫార్ములాలో వేయండి. గుండ్రం మొత్తం రెసిస్టెన్స్ 2 నానో ఓమ్‌ల లోపే. అంటే అంత కరెంటుని నడపడానికి కావాల్సిన వోల్టేజ్ సుమారు 0.025 వోల్టులు. టీవీ రిమోట్‌లో వేసే సెల్ 1.5 వోల్టులు, దానికి అరవయ్యో వంతు! ఆ కరెంట్ వల్ల పుట్టే వేడి అర మెగావాట్ కూడా కాదు. మురికీ, చిక్కుకున్న ఎలక్ట్రాన్లూ కలిపి మూడు రెట్లు వేసుకున్నా మెగావాట్ దగ్గరే. యంత్రం నుంచి ఆశిస్తున్న ఫ్యూజన్ పవర్ 500 మెగావాట్లు. అందుకే బయటినుంచి కణాల పుంజాలతో, మైక్రోవేవ్‌లతో పదుల మెగావాట్లు పోయాల్సి వస్తోంది. 1950లలోనే స్పిట్జర్‌కి తెలిసిన సంగతి.

ఇంకో వాడకం కూడా ఉంది. టెంపరేచర్‌ని లేజర్‌తో కొలుస్తారు, కరెంటూ వోల్టేజూ మీటర్‌లోనే కనపడతాయి. ఫార్ములా చెప్పినదానికన్నా రెసిస్టెన్స్ ఎంత ఎక్కువుందో చూస్తే ప్లాస్మాలో ఎంత మురికి చేరిందో తెలిసిపోతుంది. గాంధీనగర్ దగ్గర ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్‌లో 1989లో మొదలైన మన ఆదిత్య టోకమాక్ దగ్గర్నుంచి, ఏ టోకమాక్‌కైనా ఈ కిటుకు పనిచేస్తుంది.

స్పిట్జర్ 1997 మార్చిలో పోయారు. ఆయన మొదట ఊహించిన అంతరిక్ష టెలిస్కోప్ అప్పటికి ఏడేళ్ళుగా పనిచేస్తోంది. ఆయన స్టెల్లరేటర్ మాత్రం జర్మనీలో మళ్ళీ లేచింది, వెండెల్‌స్టైన్ 7-ఎక్స్ పేరుతో, 2015 డిసెంబర్‌లో మొదటి ప్లాస్మా వెలిగించింది. దాని కాయిల్స్ ఆకారం చూస్తే ఎవరో తడిగుడ్డ పిండి వదిలేసినట్టు ఉంటుంది. ఆ ఆకారం కంప్యూటర్ లేకుండా ఎందుకు సాధ్యం కాదో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఐటర్ లెక్క మీరు కూడా ఫోన్ కాలిక్యులేటర్‌లో వేసి చూడండి. ఉంటాను.